పన్నెండు గేముల్లో మూడే ఉంచాను

ఒక జూనియర్ గేమ్ డిజైనర్ పోస్టుకి వచ్చిన పోర్ట్‌ఫోలియోలు (చేసిన పనిని చూపించే సైట్లు) చూసే పని మొదటిసారి నా మీద పడినప్పుడు, ఒక్కోదానికి కనీసం ఇరవై నిమిషాలైనా కేటాయించాలని గట్టిగా అనుకున్నాను. ఉద్యోగం కోసం నేను తిరిగిన రోజులు ఇంకా మర్చిపోలేదు, ఎవరి కష్టాన్నీ పైపైన చూసి పక్కన పెట్టకూడదని నా ఆలోచన. మొదటి రెండూ అలాగే చూశాను. తర్వాత లిస్టు వంక చూస్తే ఇంకా అరవైకి పైగా ఉన్నాయి, సాయంత్రంలోపు మా టీమ్ బిల్డ్ (ఆడటానికి సిద్ధమైన గేము కాపీ) బయటికి వెళ్లాలి, మధ్యలో ఒక మీటింగు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి నాకు తెలియకుండానే పద్ధతి మారిపోయింది. పేజీ తెరవడం, పైన ఏముందో చూడటం, మొదటి ప్రాజెక్టు నొక్కడం, ఒక వీడియో, రెండు పేరాలు, వీలైతే కాసేపు ఆడటం, అంతే. రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపట్లో ఏదో ఒకటి మనసుకి పట్టుకుంటేనే మిగతాది చదివాను.

ఆ రాత్రి నా సొంత పోర్ట్‌ఫోలియో తెరిచి, అదే పద్ధతిలో, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చూశాను. గుండె గుభేలుమంది.

పైన నా పేరుతో ఒక లోగో, అది తిరిగి తిరిగి ఆగడానికి నాలుగు సెకన్లు. కింద "చిన్నప్పటి నుంచీ గేములంటే ప్రాణం" అని ఒక వాక్యం. ఆ కింద పన్నెండు చతురస్రాలు, ఒక్కోదాంట్లో ఒక్కో గేము టైటిల్ స్క్రీన్. దేన్ని నొక్కినా గేము పేరు, వాడిన ఇంజిన్ (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్), కథ గురించి ఒక పేరా, డౌన్‌లోడ్ లింకు. రెండు నిమిషాలు గడిచాక నా గురించి నాకు తెలిసింది ఏమిటంటే, ఈ మనిషి పన్నెండు గేములు మొదలుపెట్టారు, యూనిటీ అనే ఇంజిన్ వాడటం వచ్చు. ఏం డిజైన్ చేశారో తెలియలేదు. అసలు డిజైన్ అనేది ఆ పేజీలో ఎక్కడా లేదు. ఆ సైటు కోసం నేను నెలన్నర కూర్చున్నాను, ఎన్నో చోట్లకి పంపాను, చాలామంది జవాబు కూడా ఇవ్వలేదు, ఆ రోజుల్లో అందుకు బాధపడ్డాను కూడా. ఇప్పుడు అటువైపు కుర్చీలో కూర్చున్నాక అర్థమైంది.

డిజైనర్ పోర్ట్‌ఫోలియో కష్టం కావడానికి ఒక కారణం ఉంది, దాన్ని ఎవరూ మనకి సరిగ్గా చెప్పరు. ఆర్టిస్టు బొమ్మ పెడితే పని కనిపిస్తుంది. యానిమేటర్ ఒక నిమిషం రీల్ పెడితే పని కనిపిస్తుంది. ప్రోగ్రామర్ తన కోడ్ గిట్‌హబ్ అనే సైటులో పెడితే తెలిసినవాళ్లు చదువుకుంటారు. డిజైనర్ పని మాత్రం గేము లోపల కలిసిపోయి ఉంటుంది. ఆ తలుపు అక్కడే ఎందుకుంది, ఈ శత్రువు మొదట ఒంటరిగానే ఎందుకొస్తాడు, దూకితే ఇంత ఎత్తే ఎందుకు లేస్తాడు, ప్రాణం పెంచే మందు సీసా ఈ గదిలో కాకుండా పక్క గదిలో ఎందుకు పెట్టారు, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని తీసుకున్న నిర్ణయాలు. బాగా తీసుకుంటే ఆడేవాళ్లకి అవి కనిపించవు కూడా, సాఫీగా ఆడుకుంటూ పోతారు. స్క్రీన్‌షాట్‌లో అవి అసలు కనిపించవు. కాబట్టి వాటిని బయటికి తీసి చూపించడమే పోర్ట్‌ఫోలియో చేయాల్సిన పని. నేను నేర్చుకున్నది ఇదొక్కటే, ఈ పోస్టులో మిగతాదంతా దాన్నుంచి వచ్చిందే.

ఒక ఉదాహరణ వివరంగా చెప్తాను, నాదే. పాత సైటులో ఒక చిన్న ప్లాట్‌ఫార్మర్ (దూకుతూ ముందుకెళ్లే గేము) ఉండేది, చీకటి గుహలోంచి బయటికి రావాలి. దాని పేజీలో "సవాలుతో కూడిన పది లెవెల్స్, ఆకట్టుకునే గేమ్‌ప్లే" అని రాశాను. ఇది ఏ గేము పేజీలో పెట్టినా సరిపోయే వాక్యం. కొత్త పేజీలో ఏం రాశానంటే, రెండో లెవెల్‌లో మూడో గుంట దగ్గర ఆడినవాళ్లలో సగానికి పైగా పడిపోయారు, పడిన ప్రతివాళ్లూ "నేను బటన్ నొక్కాను కదా" అన్నారు. మొదట గుంట వెడల్పు తగ్గించాను. పడటం తగ్గింది కానీ ఆ చోటు చప్పగా అయిపోయింది, దాటాక ఎవరి మొహంలోనూ ఏమీ కనిపించలేదు. అప్పుడు వాళ్లు ఆడుతుండగా తీసిన వీడియోలు ఒక్కో ఫ్రేమ్ (వీడియోలోని ఒక్కో బొమ్మ) ఆపి చూశాను. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, బటన్ నిజంగానే నొక్కుతున్నారు, కాకపోతే కాలు అంచు దాటిన మూడు నాలుగు ఫ్రేముల తర్వాత. గుంట వెడల్పు మళ్లీ ముందులాగే పెట్టి, అంచు దాటాక కూడా 6 ఫ్రేముల పాటు దూకే అవకాశం ఇచ్చాను, సెకనుకి 60 ఫ్రేముల లెక్కన అది సెకనులో పదో వంతు. దీన్ని కయోటీ టైమ్ అంటారు, నేను కనిపెట్టింది కాదు, ప్లాట్‌ఫార్మర్లు చేసేవాళ్లందరికీ తెలిసిందే. తర్వాత ఆడినవాళ్లలో ఆ గుంటలో పడినవాళ్లు ఉన్నారు కానీ బటన్ గురించి ఎవరూ మాట్లాడలేదు, "ఛ, తొందరపడ్డాను" అన్నారు.

పేజీలో ఉన్నది ఇంతే. పక్కన రెండు చిన్న వీడియోలు, మార్పుకి ముందు ఒకటి, తర్వాత ఒకటి, ఒక్కోటి ఎనిమిది సెకన్లు. ఆ గేములో ఇంకా తొమ్మిది లెవెల్స్ ఉన్నాయి, వాటి గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ తర్వాత నేను వెళ్లిన ఇంటర్వ్యూల్లో ఎక్కువగా ఆ గుంట గురించే అడిగారు. "వెడల్పు తగ్గిస్తే చప్పగా అయిందని ఎలా తెలుసుకున్నారు?" అని ఒకరు, "6 ఫ్రేములే ఎందుకు, 10 ఎందుకు కాదు?" అని ఇంకొకరు. నాకు టెన్షన్ పడే అవసరం రాలేదు, ఎందుకంటే అది నేను నిజంగా చేసిన పని, ఎంతసేపైనా మాట్లాడగలను.

అందుకే ప్రాజెక్టు పేజీ రాసేటప్పుడు నేను మొదట వెతికేది ఆ ఒక్క చోటు. ఎక్కడ ఇరుక్కున్నాను, ఏం ప్రయత్నించాను, ఏది పనిచేయలేదు, చివరికి దేన్ని ఎంచుకున్నాను, దేన్ని వదులుకున్నాను. వదులుకున్నది చెప్పడం మర్చిపోకండి. ప్రతి డిజైన్ నిర్ణయానికీ ఒక ధర ఉంటుంది, ఆ ధర మీకు తెలుసు అని కనిపిస్తే చూసేవాళ్లకి నమ్మకం కలుగుతుంది. "మినీమ్యాప్ తీసేశాను, దానివల్ల కొందరు దారి తప్పారు, అయినా తీసేశాను, ఎందుకంటే మ్యాప్ ఉన్నంతసేపూ వాళ్లు గుహని చూడకుండా మూలనున్న చిన్న గీతల్ని చూస్తూ నడిచారు" అని ఒకరు రాసిన వాక్యం ఇప్పటికీ గుర్తుంది నాకు. ఆ మనిషిని ఇంటర్వ్యూకి పిలిచాం.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న, "నా దగ్గర పూర్తయిన గేము లేదు, ఏం పెట్టాలి?" అని. పూర్తయిన గేము ఉండాలని ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఒక్క గది, ఒక్క బాస్ ఫైట్, కాగితం ముక్కలతో చేసిన బోర్డ్ గేము, ట్వైన్‌లో (ఎంపికలతో సాగే కథలు రాసే టూల్) రాసిన పది నిమిషాల కథ, ఇవేవైనా సరే. గ్లోబల్ గేమ్ జామ్ 2009 నుంచీ జరుగుతోంది, లూడమ్ డేర్ 2002 నుంచీ ఉంది, రెండూ గేములు చేసే ఈవెంట్లు, రెండు మూడు రోజుల్లో ఏదో ఒకటి ఆడదగ్గది తయారుచేయాలి అక్కడ. అంత తక్కువ టైమ్‌లో ఏం ఉంచాలి, ఏం కోసేయాలి అని తీసుకునే నిర్ణయాలే ఒక మంచి ప్రాజెక్టు పేజీకి సరిపోతాయి. "మొదటి రోజు రాత్రి మూడు ఆయుధాల్లో రెండు తీసేశాం, ఎందుకంటే" అని మొదలయ్యే పేజీ నేను చివరిదాకా చదువుతాను.

విద్యార్థుల గేము ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది నార్బాక్యులర్ డ్రాప్. డిజిపెన్‌లో చదువుకునే కొందరు 2005లో చేసిన గేము అది. చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది, చిన్న గేము కూడా. కానీ అందులో ఒక ఆలోచన ఉంది, గోడ మీద ఒక ద్వారం తెరిస్తే ఇంకో గోడ మీద తెరిచిన ద్వారంలోంచి బయటికి వస్తారు, దాని చుట్టూ అల్లిన పజిల్స్. కాలేజీ కెరీర్ ఫెయిర్‌లో అది వాల్వ్ అనే గేము కంపెనీ వాళ్ల కంట పడింది, ఆ టీమ్‌ని ఉద్యోగాల్లోకి తీసుకున్నారు, 2007లో వచ్చిన పోర్టల్ గేము దాన్నుంచి పుట్టిందే. అందరికీ అలా జరుగుతుందని చెప్పట్లేదు. చూసినవాళ్లకి ఆ ఆలోచన వెంటనే కనిపించింది, ఆడగానే అర్థమైంది, అది చూడండి. మెరుగులు తర్వాత దిద్దుకోవచ్చు.

గేము ఏదీ లేకపోతే ఇంకొకరి గేముని విడదీసి చూపించినా అది మీ ఆలోచనకి సాక్ష్యమే. కాకపోతే రివ్యూ రాయకండి, బాగుంది బాగాలేదు అని కాకుండా ఎలా పనిచేస్తోందో రాయండి. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్ చివర్లో రెండు జతల మెట్లు వస్తాయి. మొదటి జత మధ్యలో నేల ఉంటుంది, దూకడం తప్పితే కింద నిలబడతారు, మళ్లీ ఎక్కి దూకొచ్చు. ఆ వెంటనే వచ్చే రెండో జత చూడటానికి దాదాపు అలాగే ఉంటుంది, మధ్యలో మాత్రం గొయ్యి. అదే దూకడం, ఈసారి తప్పితే ప్రాణం పోతుంది. ఒక్క అక్షరం రాయకుండా ముందు సాధన, తర్వాత పరీక్ష. ఇలాంటిది మీకు నచ్చిన గేములో మీరు పట్టుకుని, దాన్ని గ్రిడ్ కాగితం మీద గీసి, అదే సూత్రంతో మీ సొంత గది ఒకటి బ్లాక్‌అవుట్‌లో (ఆర్ట్ లేకుండా ఉత్త డబ్బాలతో వేసే ముందు రూపం) కట్టి పక్కపక్కన పెట్టారనుకోండి, మీకు ఒక ప్రాజెక్టు ఉన్నట్టే. ఆర్ట్ అక్కర్లేదు. బూడిదరంగు డబ్బాలు చాలు, లెవెల్ డిజైన్ లీడ్స్ చాలామంది బూడిదరంగు డబ్బాల్నే ఇష్టంగా చూస్తారు, ఆకారం, కొలతలు అక్కడే తెలుస్తాయి కాబట్టి.

మీరు ఏ రకం డిజైనర్ అన్నది కూడా పైనే తెలియాలి. "గేమ్ డిజైనర్" అని ఒక్క మాట రాసి వదిలేస్తే చూసేవాళ్లు మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక తికమక పడతారు. లెవెల్ డిజైనర్ అయితే పైనుంచి గీసిన మ్యాప్, ఆడేవాళ్లు నడిచే దారి, ఎక్కడ నిలబడితే ఏం కనిపిస్తుంది, బ్లాక్‌అవుట్, ఆ తర్వాత ఆట. కథ రాసేవాళ్లయితే చదవడానికి నలభై పేజీల డాక్యుమెంట్ కాకుండా ఆడటానికి కథలోని ఒక చిన్న కొమ్మ, అందులో ఎంపిక చేసుకుంటే నిజంగా ఏదో మారాలి.

సిస్టమ్స్ డిజైన్ (ఆయుధాల బలం, ఆరోగ్యం లాంటి అంకెల లెక్కలు) వైపు వెళ్లాలనుకునేవాళ్లు ఎక్సెల్ షీట్ పెట్టడానికి మొహమాటపడతారు, అది అందంగా ఉండదని. పెట్టండి. ఒక పోర్ట్‌ఫోలియోలో చూసింది చెప్తాను, అంకెలు నేను కాస్త సులువు చేశాను. కత్తి దెబ్బకి 10 డ్యామేజ్, సెకనుకి ఒక దెబ్బ. సుత్తి దెబ్బకి 25, రెండున్నర సెకన్లకి ఒక దెబ్బ. లెక్కేస్తే రెండూ సెకనుకి 10, సమానం. కానీ శత్రువు ఆరోగ్యం 25 ఉంటే సుత్తి ఒక్క దెబ్బకే పని పూర్తి చేస్తుంది, కత్తికి మూడు దెబ్బలు కావాలి, అంటే మొదటి దెబ్బ నుంచి ఇంకో రెండు సెకన్లు. అదే శత్రువు ఆరోగ్యం 30 చేయండి, కత్తికి అదే మూడు దెబ్బలు, అదే రెండు సెకన్లు, సుత్తికి మాత్రం రెండో దెబ్బ కావాలి, రెండున్నర సెకన్లు. ఐదు పాయింట్లు మార్చితే ఏ ఆయుధం మంచిదో తారుమారైపోయింది. ఆ అభ్యర్థి ఈ చిన్న పట్టిక పెట్టి, కింద రాసిన రెండు లైన్లు ఇవి: "అందుకే మొదటి రెండు లెవెల్స్‌లో శత్రువుల ఆరోగ్యం 25కి మించనివ్వలేదు, సుత్తి దొరికిన ఆనందం ఉండాలని. మూడో లెవెల్ నుంచి 30." అది చదవగానే ఈ మనిషితో కలిసి పనిచేయాలనిపించింది. ఆ పేజీలో ఒక్క బొమ్మ కూడా లేదు.

ఇప్పుడు కాస్త ఇబ్బంది పెట్టే విషయం. టీమ్ ప్రాజెక్టులో మీ వంతు ఎంత అన్నది.

దీనిమీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఒకసారి ఇంటర్వ్యూలో, పోర్ట్‌ఫోలియోలో "కంబాట్ డిజైన్" (పోరాటాల డిజైన్) అని రాసినవాళ్లని, శత్రువు దాడికి ముందు ఇచ్చే సూచన ఎంతసేపు ఉంటుంది, అంతసేపే ఎందుకు పెట్టారు అని అడిగాం. నీళ్లు నమిలారు. ఇంకో రెండు ప్రశ్నలకి తెలిసిపోయింది, కంబాట్ చేసింది టీమ్‌లో వేరే మనిషి, వీళ్లు చేసింది మెనూలు, ట్యుటోరియల్ మాటలు. ట్యుటోరియల్ నిజంగా చాలా బాగుంది! దాని గురించి ఒక్క లైను కూడా రాసుకోలేదు. ఉన్నదాన్ని దాచి లేనిదాన్ని చెప్పుకున్నారు, చివరికి రెండూ పోయాయి. ఆ రోజు నాకు కోపం కంటే బాధే ఎక్కువ వేసింది.

దీనికి పరిష్కారం చాలా తేలిక. ప్రతి టీమ్ ప్రాజెక్టు పేజీలో, పైనే, ఎంతమంది, ఎన్ని వారాలు, నేను ఏం చేశాను అని రాయండి. "నలుగురం, ఆరు వారాలు. రెండో, నాలుగో లెవెల్స్ నావి, బ్లాక్‌అవుట్ నుంచి చివరిదాకా. శత్రువుల ప్రవర్తన మేమిద్దరం కలిసి చేశాం. బాస్ ఫైట్ నాది కాదు." ఇలా "నాది కాదు" అని ధైర్యంగా రాసినవాళ్లు "నాది" అన్నదాన్ని ఎవరూ అనుమానించరు. "మేము" అన్న మాట మర్యాదగా ఉంటుంది నిజమే, కానీ పేజీ మొత్తం "మేము" ఉంటే మీరు ఏం చేశారో తెలియదు, మొత్తం "నేను" ఉంటే మిగతావాళ్లు ఏమయ్యారని అనుమానం. రెండూ కలిపి వాడాలి, ఎక్కడ ఏది నిజమో అక్కడ అది. మిగతావాళ్ల పేర్లు వాళ్లని అడిగి పెట్టండి, వాళ్ల సైట్ల లింకులతో సహా. ఎవరికి క్రెడిట్ ఎలా ఇవ్వాలన్నదానిమీద గేము డెవలపర్ల సంఘం ఐజీడీఏ వాళ్ల మార్గదర్శకాలు ఉన్నాయి, ఒకసారి చదివితే చాలా సందేహాలు తీరిపోతాయి.

అసెట్ల (గేములో వాడే బొమ్మలు, శబ్దాలు) విషయంలోనూ ఇదే మాట. కెన్నీ సైట్‌లో దొరికే అసెట్లు సీసీ0 లైసెన్స్ (ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చు) కింద ఉంటాయి, పేరు చెప్పమని లైసెన్స్ అడగదు, అయినా చెప్పండి. ఆర్ట్ మీది కాదని ముందే చెప్తే చూసేవాళ్లు మీ డిజైన్ మీదే దృష్టి పెడతారు. దాచిపెడితే, అదే చెట్టు, అదే డబ్బా వేరే పోర్ట్‌ఫోలియోలో చూసిన మనిషికి మీ మిగతా మాటల మీద కూడా అనుమానం వస్తుంది.

ఎన్‌డీఏ (బయటపెట్టనని కంపెనీతో చేసుకున్న ఒప్పందం) కింద ఉన్న పని చూపించకండి. పాస్‌వర్డ్ పెట్టి చూపించినా సరే. "ఇది ఇంకా రిలీజ్ కాలేదు, మీకు మాత్రమే చూపిస్తున్నా" అని ఎవరైనా లింకు పంపితే, రేపు మా ప్రాజెక్టు కూడా ఇంకెవరికో ఇలాగే చూపిస్తారనే అనిపిస్తుంది. ఏ రకం గేము, మీ బాధ్యత ఏమిటి అని రెండు లైన్లు, అదీ రాయొచ్చని మీ లీడ్‌ని అడిగి నిర్ధారించుకున్నాకే. అక్కడ నేర్చుకున్న విషయాన్ని సొంతంగా ఒక చిన్న ప్రోటోటైప్‌లో (నమూనా గేములో) మళ్లీ చేసి చూపించండి, ఆఫీసు ఫైళ్లు గానీ, అంకెలు గానీ వాడకుండా.

ఇక లింకులు. ఎంత మంచి పని చేసినా చూసేవాళ్ల దగ్గరికి చేరకపోతే లాభం లేదు, అరవై పోర్ట్‌ఫోలియోల్లో నేను తెరవలేకపోయినవి చాలానే ఉన్నాయి. ఒకటి "అనుమతి అడగండి" అని ఆపేసింది, షేరింగ్ సెట్టింగ్ మార్చలేదన్నమాట. ఒకటి జిప్ ఫైలు, ఆఫీసు కంప్యూటర్‌లో తెలియని ఫైలు నడపనివ్వరు. అందుకే బ్రౌజర్‌లో ఆడగలిగే బిల్డ్ ఉంటే చాలా మేలు. గేములు పెట్టుకునే ఇచ్.ఐఓ సైటు 2013 నుంచీ ఉంది, ఉచితంగా పెట్టుకోవచ్చు, హెచ్‌టీఎమ్‌ఎల్ బిల్డ్‌ని జిప్ చేసి పెడితే అక్కడే ఆడొచ్చు, కాకపోతే విప్పాక ఫైళ్లు 1,000 మించకూడదు, మొత్తం సైజు 500 ఎంబీ దాటకూడదు. గిట్‌హబ్ అయితే 100 ఎంబీ దాటిన ఒక్క ఫైలుని కూడా మామూలుగా తీసుకోదు, చివరి నిమిషంలో తెలిస్తే తల ప్రాణం తోకకొస్తుంది, ముందే చూసుకోండి.

ఆడగలిగే బిల్డ్ ఉన్నా వీడియో తప్పకుండా పెట్టండి, ఎందుకంటే చూసేవాళ్లలో చాలామంది ఆడరు, ముఖ్యంగా మొదటి వడపోతలో. వీడియోలో లోగోలు, నల్ల తెర, నెమ్మదిగా వచ్చే పేరు వద్దు. మొదటి సెకనులోనే ఆట కనిపించాలి. గిఫ్ (కదిలే బొమ్మల ఫైలు) అయితే ఒక్కో ఫ్రేముకి 256 రంగులే ఉంటాయి, పైగా సైజు పెద్దది, అదే క్లిప్ ఎంపీ4లో చాలా తేలిగ్గా ఉంటుంది. శబ్దంతో తనంతట తానే మొదలయ్యే వీడియోలని క్రోమ్ 2018 నుంచే ఆపేస్తోంది, కాబట్టి మ్యూట్‌లో నడిచేలా పెట్టి, శబ్దం లేకుండా చూసినా అర్థమయ్యేలా చేయండి. ఆటకి ఏ బటన్లు వాడాలో కూడా పేజీలోనే రాయండి. ఒక గేములో నేను రెండు నిమిషాలు గోడ ముందు నిలబడ్డాను, తర్వాత తెలిసింది ఎఫ్ నొక్కితే తలుపు తెరుచుకుంటుందని.

ఇంకొకటి, కష్టమైన లెవెల్ చూపించాలంటే అక్కడికి నేరుగా వెళ్లే దారి పెట్టండి. నాలుగో లెవెల్ మీ గొప్ప పని అయితే మొదటి మూడూ ఆడి చేరుకునే ఓపిక అటువైపు ఉండదు, మెనూలో ఒక బటన్ చాలు.

సైటు అందం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తెల్ల పేజీ, నల్ల అక్షరాలు, త్వరగా తెరుచుకోవాలి, ఫోన్‌లో కూడా చదవగలగాలి. నేను చూసిన వాటిలో కొన్నిటికి మెనూ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, ఆడేవాళ్ల దారి గురించి ఆలోచించాల్సిన డిజైనర్ సొంత సైటులోనే దారి దొరక్కపోతే అది కూడా ఒక సమాధానంగానే తీసుకుంటారు.

మీ గురించి రాసుకునే పేజీ చాలామందిని వణికిస్తుంది, నన్ను కూడా. "గేములంటే ప్రాణం" అన్న వాక్యం తీసేశాక అక్కడ ఏం పెట్టాలో రెండు రోజులు తోచలేదు. ఆ మాట అబద్ధం కాదు, ఇప్పటికీ నిజమే, కానీ ఇలాంటి ఉద్యోగానికి అప్లై చేసిన ప్రతివాళ్లకీ అది నిజమే కదా, దానివల్ల నా గురించి ఏమీ తెలియదు. చివరికి పెట్టింది ఇది: "నేను లెవెల్ డిజైనర్‌ని. దారి చూపించే బాణం గుర్తులు లేకుండా, వెలుతురుతో, ఆకారాలతో దారి చెప్పడం నాకిష్టమైన పని. ప్రస్తుతం అన్‌రియల్‌లో పనిచేస్తున్నాను, ఇంతకుముందు యూనిటీ." అంతే. కింద ఈమెయిల్, రెజ్యూమె, ఏ టైమ్ జోన్‌లో ఉంటానో. ఇంటి అడ్రసు, పుట్టినరోజు లాంటివి బహిరంగ పేజీలో పెట్టాల్సిన పని లేదు. ఫోటో మీ ఇష్టం. ఈమెయిల్ అడ్రసు మాత్రం మీ పేరుతో ఉంటే మంచిది, కాలేజీ రోజుల్లో పెట్టుకున్న గేమింగ్ పేరుతో కాకుండా. ఆ పేరుతో రాసిన పాత పోస్టులు వెతికితే దొరుకుతాయి, వాటిలో ఎవరినైనా తిట్టి ఉంటే అదీ దొరుకుతుంది, ఒకసారి మీరే వెతికి చూసుకోండి.

నాకు వచ్చే మెసేజీల్లో సగం ఇంగ్లీషు గురించే ఉంటాయి, "నా ఇంగ్లీషు అంత బాగోదు" అని. భాష గొప్పగా ఉండాల్సిన అవసరం లేదు, చిన్న వాక్యాలు రాయండి, ఒక వాక్యంలో ఒక విషయం. ఏఐతో మెరుగుపెట్టించిన పేజీలు ఇప్పుడు వరసగా వస్తున్నాయి, తప్పులు ఉండవు, కానీ నాలుగు చదివేసరికి నాలుగూ ఒకే మనిషి రాసినట్టుంటాయి, మీరు పడిన ఆ గుంట, మీరు ఆపి చూసిన ఆ ఫ్రేము వాటిలో ఉండవు. నేను చేసే పద్ధతి ఒకటుంది. ఫోన్‌లో రికార్డర్ పెట్టుకుని, పక్కన ఒక స్నేహితురాలు కూర్చుందనుకుని, ఆ ప్రాజెక్టు గురించి తెలుగులోనే మాట్లాడేస్తాను, ఎక్కడ ఉత్సాహం వచ్చి గొంతు పెరిగిందో అక్కడిది తీసుకుని ఇంగ్లీషులో రాస్తాను. ఎప్పుడూ తప్పు చోటు దొరకలేదు నాకు. స్పెల్లింగ్ మాత్రం ఇంకొకరితో చూపించుకుంటాను, ముఖ్యంగా అప్లై చేస్తున్న స్టూడియో పేరు.

పన్నెండులోంచి మూడు ఎలా ఎంచుకున్నానని కొందరు అడిగారు. ఒక్కోదాని ముందు కూర్చుని, దీని గురించి ఎవరైనా పది నిమిషాలు ప్రశ్నలు అడిగితే సంతోషంగా జవాబు చెప్తానా అని చూసుకున్నాను. ఐదు అక్కడే పోయాయి. మిగిలిన ఏడింటిలో నాలుగు దాదాపు ఒకే విషయాన్ని చెప్తున్నాయి, వాటిలో బాగున్నది ఒకటి ఉంచాను. నాలుగు మిగిలాయి. నాలుగోది తీసేయడానికి వారం పట్టింది, అది నా మొట్టమొదటి గేము, రాత్రులు మేలుకుని చేసింది, దానిమీద ప్రేమ తప్ప చెప్పుకోదగ్గ డిజైన్ నిర్ణయం ఏదీ దొరకలేదు. అది ఇప్పుడు నా హార్డ్ డిస్క్‌లో ఉంది, అప్పుడప్పుడు తెరిచి ఆడుకుంటాను.

మూడింట్లో గుహ గేము మొదట పెట్టాను. ఆఖర్న కూడా బలమైనదే ఉండాలి, చివరిదాకా వచ్చినవాళ్లు దాన్ని చూసే వెళ్తారు. మధ్యలో ఉన్నది ఒక ఫెయిల్ అయిన మల్టీప్లేయర్ ప్రోటోటైప్, ఇద్దరు ఆడాల్సింది, ఎప్పుడు ఆడించినా ఒకరే అన్ని పనులూ చేసేసి రెండోవాళ్లు వెంట నడిచేవాళ్లు. మూడు రకాలుగా సరిచేయాలని చూశాను, ఏదీ కుదరలేదు. ఆ మూడు ప్రయత్నాలూ అలాగే రాశాను, పరిష్కారం దొరకలేదని కూడా. ఇది పెట్టడానికి భయపడ్డాను, కానీ ఒక ఇంటర్వ్యూ మొత్తం దానిమీదే నడిచింది, బోర్డు దగ్గర నిలబడి అటువైపు డిజైనర్, నేను కలిసి నాలుగో ప్రయత్నం గీశాం, రెండోవాళ్ల చేతిలోనే దీపం ఉంటే ఎలా ఉంటుందని. ఆ ఉద్యోగం నాకు రాలేదు, వేరే కారణం. ఆ దీపం ఆలోచన మాత్రం నాతో వచ్చేసింది.

పోయిన వారం దాన్ని ప్రోటోటైప్‌లో పెట్టి ఇద్దరితో ఆడించాను. ముందు నడిచే మనిషి మొదటిసారి ఆగి, వెనక్కి తిరిగి, "ఇటు చూపించు" అని అడిగింది. ఆ క్లిప్ పదకొండు సెకన్లుంది, ఈ రాత్రి పేజీలో చేరుస్తున్నాను.